రెండు సుళ్ళ పెళ్ళికొడుకు

టెక్కలి హైస్కూల్లో నేను ఏళ్ళ తరబడి జీవశాస్త్రం చెప్పాను. కప్ప గుండెకు మూడే గదులంటే పిల్లలు నమ్మారు. వానపాముకు కళ్ళు లేవంటే నమ్మారు. నా కొడుకులిద్దరూ ఒకే అండంలోంచి పుట్టిన కవలలని చెబితే మాత్రం ఈ జిల్లాలో ఇంతవరకూ ఒక్కడు కూడా నమ్మిన పాపాన పోలేదు.

వాళ్ళ తప్పేమీ లేదు, చూస్తే అలాగే ఉంటారు. పెద్దవాడు తిమోతి కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర పనిచేస్తాడు. రోజంతా ఫ్యాను కింద కూర్చుని, వచ్చిన ప్రతి బస్తాలోంచి నాలుగు పలుకులు నోట్లో వేసుకుని సరుకు ఎలా ఉందో చెప్పాలి. తినడమే వాడి ఉద్యోగం. అంచేత తెల్లగా, గుండ్రంగా తయారయ్యాడు. చిన్నవాడు జెర్రీ మూలపేటలో పోర్టు కడుతున్న చోట క్రేన్ నడుపుతాడు. ఎండ, ఉప్పుగాలి, సిమెంటు దుమ్ము కలిసి వాణ్ణి ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలా చేసి పెట్టాయి. ఒకడిది కుడిచేతి వాటం, ఇంకొకడిది ఎడమ. మా వీధి చివర కొట్టు నడిపే నాగరాజు సరుకులు కట్టిన ప్రతిసారీ అడుగుతాడు, ఆస్పత్రిలో ఎవరో ఒకణ్ణి మార్చేశారేమో కనుక్కున్నారా టీచరమ్మా అని.

నాకు ఒళ్ళు మండుతుంది. పచారీ సామాను అక్కడే పెట్టించి పాఠం మొదలుపెడతాను. ఒకే అండం రెండుగా చీలింది నిజమే, విత్తనం ఒకటే. కానీ చీలిన దగ్గర్నుంచీ ఎవడి చోటు వాడిది. ఇద్దరికీ మాయ ఒకటే అయినా అందులో వాటాలు సమానంగా పంచే తహసీల్దారు ఎవరూ ఉండరు. తిమోతికి ఎక్కువ అందింది, పుట్టినప్పుడే బరువు ఎక్కువ. జెర్రీ ఒక మూల ఒదిగి పెరిగాడు. వేలిముద్రలు కూడా కడుపులోనే పడతాయి, ఏ వేలు దేనికి ఎలా ఆనిందో దాన్ని బట్టి గీతలు మారతాయి. అందుకే ఒకే విత్తనం వాళ్ళకైనా వేలిముద్రలు కలవవు. ఇక పుట్టాక ఎండ వేరు, తిండి వేరు, వచ్చిన జ్వరాలు వేరు. విత్తనంలో రాసి ఉన్నదాంట్లో ఏ పేజీ తెరుచుకోవాలి, ఏది మూసి ఉండాలి అన్నది కూడా బతికే తీరును బట్టి కొంత మారుతుంది. ఇదంతా ఓపిగ్గా విని నాగరాజు తల ఊపి, అయినా ఒకసారి కనుక్కోండి అంటాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడమంటే ఇదే.

రంగూ లావూ అలా ఉంచండి. అన్నిటికన్నా చిన్న తేడా, మా కొంప ముంచబోయిన తేడా తల మీద ఉంది. జెర్రీ నడినెత్తిన ఒక్కటే సుడి. తిమోతికి రెండు, పక్కపక్కనే. మా వైపు రెండు సుళ్ళున్న మగపిల్లాణ్ణి చూస్తే ముసలమ్మలు నవ్వి, వీడికి ఇద్దరు పెళ్ళాలు అంటారు. వాడు ఉయ్యాల్లో ఉన్నంతకాలం అది ముద్దు మాట. పెళ్ళీడుకొచ్చాక అదే మాటకు సంబంధాలు తప్పిపోతాయి.

మా తిమోతి మిరియం అనే అమ్మాయిని ఇష్టపడ్డాడు. ఆమె పలాసలో నర్సు, మా కాశీబుగ్గ చర్చి సంఘంలో, కోయిర్‌లో పాడుతుంది. వీడు వెనక వరసలో నిలబడి ఆరేళ్ళు పాడాడు, ఆ ఆరేళ్ళూ ఒక్కసారి కూడా శ్రుతిలో పడలేదు, అయినా మానలేదు. అంటే ఎంత ఇష్టమో నేను వేరే చెప్పనక్కర్లేదు. ఆమెకీ ఇష్టమే. ఆమె తండ్రి షాలేమ్ రాజుకు వజ్రపుకొత్తూరు అవతల కొబ్బరితోట, జీడితోట ఉన్నాయి. మర్యాదస్తుడు. కుర్రవాడు మంచివాడని విన్నాం, మాకు అభ్యంతరం లేదు, ఒక్కసారి వచ్చి మా అమ్మచేత ప్రార్థన చేయించుకు వెళ్ళండి అని కబురు పంపాడు.

ఆ ప్రార్థన దగ్గరే ఉంది చిక్కంతా.

షాలేమ్ రాజు తల్లి పేరు తవిటమ్మ. ఆవిడ మొగుడు ఢిల్లీరావు వయసులో ఉన్నప్పుడు కొబ్బరికాయల లారీలు తోలుకుని బరంపురం తిరిగేవాడు. అలా తిరిగి తిరిగి ఒకనాడు ఇచ్ఛాపురం వైపు నుంచి ఒకావిడను వెంటబెట్టుకుని వచ్చాడు. తవిటమ్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, ఆ మనిషి సిగ్గుపడలేదు, కాళ్ళ మీదా పడలేదు. తల వంచి చూపించాడట. రెండు సుళ్ళు. దేవుడు పెట్టిన రాత, నేనేం చెయ్యగలను అన్నాడట. తవిటమ్మ నమ్మింది. ఆయన వేరే కాపురం పెట్టినా నమ్మింది. ఆ రెండో ఆవిడ పోయాక, ముసలితనంలో ఒక రేకుపెట్టెతో తిరిగొస్తే, పాపం ఆయన మాత్రం ఏం చేస్తాడు అని చేరదీసి వండి పెడుతోంది. సంఘం సభ్యుల జాబితాలోంచి ఆయన పేరు ఎప్పుడో తీసేసింది. ఆవిడ మాత్రం మొగుణ్ణి ఎవరేమన్నా ఊరుకోదు. ఆవిడ పగంతా సుళ్ళ మీద. మనవరాలిని రెండు సుళ్ళవాడికి ఇచ్చే ప్రశ్నే లేదని ఒట్టు పెట్టుకుంది.

ఇలాంటివి నమ్మకూడదని పాస్టరుగారు ఏటా ఒక ఆదివారం గట్టిగానే చెబుతారు. అందుకని తవిటమ్మ పైకి ఏమీ అనదు. పెళ్ళికొడుకును చాప మీద మోకరించమని, రెండు చేతులూ తల మీద పెట్టి ప్రార్థన చేస్తుంది. కళ్ళకు శుక్లాలు కమ్మి మనిషి ఆకారం తప్ప ఆనదు కానీ వేళ్ళు మాత్రం చురుకైనవి. ప్రార్థన ఎంత పొడుగైతే వెతుకులాట అంత క్షుణ్ణంగా జరుగుతుంది. మిరియంకు అంతకుముందు వచ్చిన రెండు సంబంధాలూ ఆ చాప మీదే పోయాయి. ఆమెన్ అన్నాక ఆవిడ చేతులు తీసేసి, ప్రభువు సమాధానం ఇవ్వలేదు అంటుంది. ప్రభువు ఇవ్వలేదన్నాక ఏ తండ్రి కాదనగలడు.

నేను వెళ్ళి ఆవిడకు ఉన్నమాట చెబుతానన్నాను. సుడి అంటే ఏమిటో, కడుపులో తల పెరిగేటప్పుడు చర్మం సాగే తీరును బట్టి వెంట్రుకలు ఎలా తిరుగుతాయో విడమర్చి చెబుతానన్నాను. మా ఆయన పలాస స్టేషన్లో టికెట్లు ఇచ్చి రిటైరయ్యారు, సంఘంలో పెద్ద, డీకన్. ఆయన నవ్వి, ఇన్నేళ్ళలో వీధి చివర నాగరాజుకే చెప్పలేకపోయావు, ఈ ఉద్దానం తోటల్లో ముసలమ్మకు చెబుతావా అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక ఏం చేసుకుంటారో చేసుకోండని ఊరుకున్నాను. తండ్రీ కొడుకులు ముగ్గురూ వంటింటి వెనక గుసగుసలాడుకుంటుంటే పెళ్ళి ఖర్చుల గురించి అనుకున్నాను. బయల్దేరే రోజు పొద్దున అన్నదమ్ములిద్దరూ ఒకే రంగు చొక్కాలు వేసుకుని వచ్చారు. ఇదేమిట్రా అంటే, ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నారు. వాళ్ళ నాన్న పొదుపరితనం ఎరిగినదాన్ని కాబట్టి నమ్మేశాను.

జీడిమామిడి పళ్ళు రాలే రోజులు. తోటల మధ్య ఆ పులిసిన వాసనలో కారు దిగాం. షాలేమ్ రాజు ఎదురొచ్చి వందనాలు చెప్పాడు. కొబ్బరినీళ్ళు ఇచ్చారు, జీడిపప్పు పాకం పెట్టారు. తిమోతి అలవాటు కొద్దీ ఒక పలుకు నమిలి, పప్పు పాతదని చెప్పబోయి, నేను కాలు తొక్కితే ఆగాడు. మిరియం కాఫీలు తెచ్చింది. వాడు ఆమెను చూసిన చూపుకు నాకే ముచ్చటేసింది. తవిటమ్మ గోడవార నులకమంచం మీద, ఎదురుగా చాప. ఢిల్లీరావు వరండాలో వాలుకుర్చీలో పడుకుని, తనకేమీ పట్టనట్టు కాళ్ళు ఊపుతున్నాడు. ఆ తల నున్నగా మెరుస్తోంది. సుళ్ళూ లేవు, వెంట్రుకలూ లేవు.

తిమోతి వెళ్ళి చాప మీద మోకరించాడు. తలలు వంచుదాం అన్నాడు షాలేమ్ రాజు. అందరం కళ్ళు మూసుకున్నాం.

చాప మీద ఏదో చప్పుడైంది. డీకన్ భార్యను, అలా చెయ్యకూడదు కానీ, ఒక కన్ను తెరిచాను. తిమోతి చాప మీంచి లేచి పొట్ట బిగబట్టుకుని మునివేళ్ళ మీద తలుపు చాటుకు పోతున్నాడు. జెర్రీ పిల్లిలా వచ్చి వాడి స్థానంలో మోకరిల్లుతున్నాడు. మా ఆయన వైపు చూశాను. సూది వేయించుకునేవాడిలా కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నారు. నాకు విషయమంతా అర్థమైంది. ప్రార్థన మధ్యలో అరిచే అలవాటు మా బాప్టిస్టులకు లేదు. ఉండి ఉంటే ఆ రోజు పనికొచ్చేది.

తవిటమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. వానల కోసం, కొబ్బరి ధర కోసం, ఊళ్ళో కిడ్నీ జబ్బుతో మంచాన పడ్డవాళ్ళ కోసం ఒక్కొక్కరి పేరూ చెప్పి ప్రార్థించింది. ఆ మాటల్లో ఎక్కడా దొంగతనం లేదు, మనసు పెట్టే అడుగుతోంది. వేళ్ళు మాత్రం వాటి పని అవి చేసుకుంటూ నుదుటి నుంచి మెడ దాకా, మెడ నుంచి చెవుల దాకా తిరుగుతున్నాయి. నడినెత్తి మీద ఒకచోట ఆగాయి. చుట్టూ తిరిగాయి. మళ్ళీ మొదటికి వచ్చాయి. ఒక్కటే. ముసలావిడ గొంతు విచ్చుకుంది. ఆమెన్ అనేది పాటలా అంది. ఆ ఒక్క మాట మేమంతా తిరిగి అనేలోపు అన్నదమ్ములు మళ్ళీ మారాలి. జెర్రీ మారాడు. తిమోతి ఆయాసపడుతూ వచ్చి చాప మీద కూలబడ్డాడు.

ప్రభువు సమాధానం ఇచ్చాడని తవిటమ్మ చెప్పింది. షాలేమ్ రాజు మా ఆయన చెయ్యి పట్టుకుని బావగారూ అన్నాడు. గుమ్మం దగ్గర మిరియం మొహం తుడుచుకుంటోంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను, ఆ మాట దాచను. నా కొడుకు పెళ్ళి కుదిరింది, ఏ తల్లి మాత్రం లేచి చెడగొడుతుంది?

ఆ పని వరండా వైపు నుంచి జరిగింది. సంఘం తన పేరు తీసేసింది కాబట్టి ప్రార్థనలో కళ్ళు మూసుకునే బాధ్యత కూడా తీసేసినట్టే అని ఢిల్లీరావు లెక్క. అంతా చూస్తూనే ఉన్నాడు. కిసుక్కున నవ్వాడు.

"ఒలే తవిటీ, నువ్వు తల తడిమినోడు నల్లగా, సన్నగా ఉన్నాడు. ఇప్పుడు నీ ఎదర కూకున్నోడు తెల్లగా, లావుగా ఉన్నాడు. ఈ సంబందంలో మనకి ఇద్దరు అల్లుల్లేటి?"

తవిటమ్మ చెయ్యి ముందుకు చాచి, తిమోతి తల వెతికి పట్టుకుంది. ఈసారి ప్రార్థన ఏమీ లేదు. వేళ్ళు నేరుగా నడినెత్తికి వెళ్ళాయి. ఒకటి. దాని పక్కన ఇంకొకటి. నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి తీసుకుంది.

షాలేమ్ రాజు లేచి నిలబడ్డాడు. దేవుడి ఎదుట, ప్రార్థన మధ్యలో మోసమా అని అడిగాడు. గట్టిగా కూడా అనలేదు, అందుకే ఇంకా సిగ్గేసింది. మా ఆయన దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నారు. జెర్రీ నెత్తి తడుముకుంటున్నాడు. మిరియం లోపలికి వచ్చి ఈ నాటకం సంగతి నీకు ముందే తెలుసా అని తిమోతిని అడిగింది. తెలుసన్నాడు వాడు. ఆమె కాఫీ గ్లాసులు ఏరడం మొదలుపెట్టింది. నర్సులకు కోపం వస్తే అలాగే, చేతులు పని చేస్తూనే ఉంటాయి. ఇక మీరు బయల్దేరండి అన్నాడు షాలేమ్ రాజు.

తిమోతి లేవలేదు. మోకాళ్ళ మీదే మంచం దగ్గరకు జరిగాడు.

"మామ్మా, తప్పు నాదే. బయమేసి ఒప్పుకున్నాను. రెండు సుల్లున్నాయి నాకు. రెండు సుల్లున్నోడికి రెండు పెల్లిల్లంటారు. మిరియం నేకపోతే నాకు ఒక్కటి కూడా ఒద్దు."

గ్లాసుల చప్పుడు ఆగింది. తవిటమ్మ ఆ మొదటివాడు ఎవడు అని అడిగింది. వీడి తమ్ముడు, కవల అని చెప్పాను. కవలలైతే ఒకడు నలుపు, ఒకడు తెలుపు ఎలా అవుతారు, ఒకడికి ఒకటీ ఒకడికి రెండూ ఎలా ఉంటాయి, ఇదొక అబద్ధమా అంది.

అప్పటికే సిగ్గుతో చచ్చి ఉన్నాను. దాని మీద ఈ మాట. నాగరాజు మీద, మా ఆయన మీద, నా కొడుకుల మీద ఇన్నాళ్ళూ పోగుపడిన కోపమంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. లేచి నిలబడి, తరగతి గదిలో నిలబడ్డట్టే, మొదలుపెట్టాను. తవిటమ్మ వయసులో ఉండగా పలాసలో జీడిపప్పు ఒలిచిందని విన్నాను కాబట్టి అండం, చీలిక అనే మాటలు పక్కనపెట్టి జీడిపలుకు దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. పలుకును చీలిస్తే రెండు బద్దలు. ఒకే గింజ. వేపుడులో ఒక బద్ద మంట వైపు పడితే ఎర్రబడుతుంది, రెండోది తెల్లగా ఉంటుంది. అంతమాత్రాన అవి రెండు గింజలవుతాయా అని అడిగాను. కావు అంది ఆవిడ. ఒక బద్ద అంచు విరుగుతుంది, ఒకదాని మీద మచ్చ పడుతుంది, అది గింజ రాతా అన్నాను. కాదు, చెయ్యి పడ్డ తీరు అంది. నా కొడుకులూ అంతేనన్నాను. విత్తనం ఒకటే, కడుపులో ఎవడు ఎటు ఒదిగాడు, ఎవడికి ఎంత అందింది, తల చర్మం ఎటు సాగింది, దాన్ని బట్టి ఒకడికి ఒక సుడి పడింది, ఒకడికి రెండు పడ్డాయి. మిగతాది ఎండా తిండీ చేసిన పని.

తవిటమ్మ ఇద్దర్నీ పక్కపక్కన మోకరించమంది. కుడిచెయ్యి ఒకడి మీద, ఎడమచెయ్యి ఒకడి మీద పెట్టింది. వెంట్రుకలు వేళ్ళతో నలిపింది. చెవులు తడిమింది. ముక్కులు తడిమింది, దవడలు తడిమింది. రెండు చేతులూ ఒకే దారిలో నడిచాయి. నడినెత్తి దగ్గర మాత్రం విడిపోయాయి.

"ఒకే గింజే," అంది మెల్లగా. "మరి ఈ ఒక్క సుడోడు బుద్దిమంతుడేనా?"

నేను అవునని చెప్పబోయాను. అంతలో మిరియం అందుకుంది. జెర్రీ మా కోయిర్‌లో ముగ్గురు అమ్మాయిలతో ఒకేసారి ఫోన్లో మాట్లాడుతున్నాడనీ, ముగ్గురికీ ఒకే పాట పంపాడనీ, ఆ ముగ్గురూ ఒకరి ఫోన్లు ఒకరు చూసుకుని మానేయడంతో క్రిస్మస్ పాటలకు పైస్థాయిలో పాడే సోప్రానోలే లేకుండా పోయారనీ చెప్పింది. నా కడుపున పుట్టినవాడి సంగతి నాకు తెలియలేదు. సోప్రానోలకు జలుబు చేసిందని ఆ రోజు నాతో చెప్పిందీ వీడే. రెండు సుళ్ళ మనిషి మాత్రం ఆరేళ్ళుగా నా వెనకే నిలబడి అపశ్రుతి పాడుతున్నాడు మామ్మా, పక్కకు కూడా చూడలేదు అని కూడా చెప్పింది. అది వాణ్ణి క్షమించడమో, ఇంకా మిగిలిన కోపమో నాకు తెలియలేదు.

తవిటమ్మ మొహం నా వైపు తిప్పింది.

"టీచరమ్మా. అయితే సుడి మనిసిని నడపదంటావు."

"నడపదమ్మా."

"సదూకున్నదానివి. దేవుడి ఎదర సెప్పు."

"దేవుడి ఎదుటే చెబుతున్నాను. సుడి అంటే వెంట్రుకలు తిరిగే తీరు. అంతే. మనిషి ఏం చేసినా తన ఇష్టంతో చేసినదే."

ఆ మాట అన్నాక నన్ను నేనే మెచ్చుకున్నాను. ఇన్నేళ్ళ పాఠాల్లో మొదటిసారి ఒక మనిషి పూర్తిగా విని, మధ్యలో ఆస్పత్రి మాట ఎత్తకుండా ఒప్పుకుంది. నా కొడుకు పెళ్ళి నిలబడిందనుకుని మా ఆయన వైపు తల ఎగరేసి చూశాను. నేనేం చేశానో నాకు అప్పటికింకా తెలియదు.

తవిటమ్మ చేతులు పిల్లల తలల మీదే ఉన్నాయి. కానీ ఆవిడ ధ్యాస వాళ్ళ మీద లేదు. కనపడని కళ్ళతో వరండా వైపు తిరిగింది. అక్కడ కాళ్ళు ఊపడం ఆగిపోయింది.

"మావా," అంది. "ఇలా రా."

ఢిల్లీరావుకు ఉన్నట్టుండి చెవుడు వచ్చింది. వాలుకుర్చీలోనే ఇంకొంచెం కిందికి జారాడు. షాలేమ్ రాజు తండ్రిని చూశాడు, నేల వైపు చూశాడు. చిన్నప్పటి నుంచీ తల్లి నోట ఆ మాట కోసమే ఎదురుచూసినట్టు నాకనిపించింది.

"నాడు గుమ్మంలో నిలబడి తల వంచినావు. సూడు తవిటీ, రెండు సుల్లు, నానేటి సేత్తాను అన్నావు. ఈ గుంటడికి రెండున్నాయి. ఈడు ఒక్కదాని ఎనకే ఉన్నాడు. నువ్వేటి సేసినావో నీకు తెలీదా?"

పాత సంగతులు ఇప్పుడెందుకని ఆయన ఏదో గొణిగాడు. చెయ్యి తనంతట తనే నున్నటి తల మీదకు వెళ్ళింది. అక్కడ సాక్ష్యం చెప్పడానికి ఒక్క వెంట్రుక కూడా లేదు.

తవిటమ్మ తిమోతి తల మీద అరచెయ్యి ఆనించింది. వేళ్ళు కదపలేదు. ప్రభువా, ఈ పిల్లలిద్దర్నీ చల్లగా చూడు అని ఒకే ఒక్క మాట అని ఆమెన్ అంది. నేను విన్న ఆవిడ ప్రార్థనల్లో అదే చిన్నది. షాలేమ్ రాజు ఇంకా మొహం గంటు పెట్టుకునే ఉంటే, ప్రార్థనలో ఆడిన నాటకానికి శిక్ష పడాల్సిందేనని ఆవిడే తీర్పు చెప్పింది. వచ్చే ఆదివారం మా ఆయన సంఘం ముందు నిలబడి జరిగిందంతా సాక్ష్యం చెప్పాలి. మా ఆయన తెల్లబోయారు. మిరియం నవ్వింది. గ్లాసులు వదిలేసి వచ్చి తిమోతి పక్కన నిలబడింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

భోజనాలకు కూర్చున్నాం. చేపల పులుసు, పనసపొట్టు కూర. ఆ ఇంట్లో ఎప్పుడూ మొదటి ముద్ద ఢిల్లీరావుదేనట. కళ్ళు కనపడకపోయినా తవిటమ్మే తడుముకుంటూ వెళ్ళి వడ్డిస్తుంది, ఆయన తిన్నాకే తను తింటుంది. ఆ రోజు కూడా ఆయన వచ్చి పీట మీద కూర్చుని, కంచం ముందుకు జరిపి చూస్తున్నాడు. తవిటమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. కోడల్ని, అదే మిరియం తల్లిని, పిలిచి తన కంచంలో అన్నం పెట్టమంది.

"కూడు ఆ కుండలో ఉన్నాది మావా. నేచి ఎట్టుకో."

ఆయన లేచాడు. కుండ దగ్గరకు వెళ్ళాడు. గరిటె ఎక్కడుందో తెలియక అటూ ఇటూ చూశాడు. ఎవరం చెప్పలేదు. జెర్రీ నవ్వబోతే వాడి మోచేతి మీద గట్టిగా గిల్లాను. నిజానికి నాకు నవ్వు రాలేదు. నేను వచ్చింది కొడుకు పెళ్ళి కోసం. ఒక ముసలి మనిషి ఇన్నాళ్ళూ దేన్ని ఆనుకుని ఆ మొగుడికి వండి పెట్టిందో దాన్ని కాస్తా లాగేశాను. చెప్పింది నిజమే, మళ్ళీ అడిగినా అదే చెబుతాను, కానీ కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను. నన్ను క్షమించమ్మా అన్నాను నెమ్మదిగా.

ఆవిడ పులుసు కలుపుకుని మొదటి ముద్ద తింది. నమిలింది. మంచినీళ్ళు తాగింది.

"నువ్వేటి సేసినావు టీచరమ్మా. ఇన్నేల్లూ ఆ సుల్లనే తిట్టినాను. ఈ మనిసిని ఒక్క మాట అన్నేదు," అంది.

తర్వాత కుండ వైపు తిరిగి, అనడం మొదలుపెట్టింది. పెరుగన్నం అయింది, తాంబూలాలయ్యాయి, పెళ్ళి తేదీ మాటలు కూడా ఆ తిట్ల మధ్యలోనే కానిచ్చాం. మేం కారెక్కి జీడితోట మలుపు తిరిగేదాకా ఆవిడ గొంతు వినపడుతూనే ఉంది.